మావయ్య ఫోన్‌లో మారని రంగు

మంగళవారం

పెడనలో కలంకారీ అద్దే సుబ్బారావు మావయ్యకి ఇవాళ ఆయన కోసం నేను చేసిన వెబ్‌సైట్ చూపించాను. నా ల్యాప్‌టాప్‌లో మౌస్‌ని చీర బొమ్మ మీదికి తీసుకెళ్తే, వెనకున్న తెలుపు మెల్లగా ఎరుపులోకి మారుతుంది. "అద్దిన గుడ్డ ఉడికేటప్పుడు ఎరుపు తేలినట్టే ఉందిరా!" అని మురిసిపోయారు. మూడు రోజులు దాని మీదే కూర్చున్నాను. ఫోన్‌కి మౌస్ ఉండదని మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

వెంటనే తన ఫోన్‌లో తెరిచారు. వేలితో ఎంత రుద్దినా తెలుపు తెలుపుగానే ఉంది.

"నా వేళ్ల నిండా రంగే కదా, అందుకే పట్టట్లేదేమో. ఉండు, కడుక్కొస్తా."

తప్పు నాదని చెప్పాల్సింది. నలభై ఏళ్లుగా గోళ్లలో ఇంకిన రంగుని ఆయన సబ్బు పెట్టి తోముకుంటుంటే, చూస్తూ నిలబడ్డాను.