ఓవెన్ వెలిగించకు

యెసెనియా తల్లీ, తప్పులుంటే మన్నించు. నా రాత నిదానమని తెలుసు కదా, ఈలోగా బస్సు వచ్చేస్తోంది.

ఓవెన్ వెలిగించకు. దాని లోపల, మనం పెనాలు పెట్టుకునే చోటే, పెద్ద మూకుడు కింద, నీ కొత్త లాప్‌టాప్ దాచాను. పాతది కారు సీటు మీద వదిలేసి, అందులోని నర్సింగ్ కాలేజీ వ్యాసంతో సహా దొంగల పాలు చేశావు. మళ్ళీ రాసింది ఈ కొత్తదాంట్లోనే ఉంది, రేపటిలోగా పంపకపోతే సీటు రాదు.

బరువని సణగకు. షాపులో ఆవిడ సన్నటిది చూపించి, "పెద్దమ్మా, దీన్ని ఒంటిచేత్తో పట్టుకుని పరుగెత్తొచ్చు" అంది.

"దొంగ కూడా అంతేగా! బరువైనది తియ్యి."

"అదెవరూ కొనరు పెద్దమ్మా."

"ఎవరూ కొననిదాన్ని ఎవడెత్తుకుపోతాడే?" అని అదే తెచ్చాను.

మొక్కజొన్న పిండి తమాలేలు పొయ్యి మీద ఆవిరికి పెట్టుకో.

చీటీ ఓవెన్ తలుపుకే అంటించాక అనుమానం వచ్చింది. దొంగగారూ, ముందు మీరే చదివితే, లోపల పెనాలు తప్ప ఏమీ లేవు. నమ్మకపోతే పిల్ల వచ్చేదాకా కూర్చుని, వ్యాసం పంపనిచ్చి తీసుకెళ్ళండి. వాళ్ళ తాత, అంటే మా ఆయన, చివరి రోజుల గురించి రాసుకుంది. రెండోసారి ఏడుస్తూ రాసింది. మూడోసారి రాయించకండి.

ఒఫీలియా బర్రగాన్, డెబ్బై మూడేళ్ళు, ఫ్రెస్నోలో లాండ్రీ షాపు పైన, ఎడమ తలుపు.