డీజిల్ వాసన లేని బట్టలు

నంద్యాల,
అక్టోబరు 19, ఆదివారం.

ప్రియమైన కుమారుడు జీవన్ కుమార్‌కు నాయన శాంతయ్య దీవెనలతో వ్రాయునది.

ప్రభువు కృప వలన ఇక్కడ అందరం ఉన్నాం. ఈ చోట ‘క్షేమం’ అని రాయడం నా అలవాటు. ఈసారి ఆ మాట దగ్గర కలం ఆగింది. నీకు ఆడబిడ్డ పుట్టింది. పోయిన సోమవారం, ముప్పై నాలుగో వారంలోనే, ఇక్కడ నంద్యాల ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీశారు. వందన కోలుకుంటోంది. బిడ్డ మాత్రం అద్దాల పెట్టెలో ఉంది. ఊపిరికి యంత్రం సాయం చేస్తోంది. నువ్వు రేవుకు చేరాకే ఈ ఉత్తరం నీ చేతికి ఇస్తారు. అప్పటికి నువ్వు ఫోనులో అన్నీ విని ఉంటావు. బిడ్డ సంగతి ఏమయిందో చదువుతున్న నీకు తెలిసి ఉంటుంది. రాస్తున్న నాకు ఇంకా తెలియదు.

వెళ్లేముందు నువ్వు రాసిన ఉత్తరంలోని ప్రశ్నలకు ముందు జవాబులు చెప్పనివ్వు. క్రమం తప్పితే నాకు రాయడం చేతకాదు.

మీ అమ్మ సుశీల మోకాలు కొంత నయం. ప్రార్థన గుడికి నడిచే పోతోంది. మా ఐటీఐలో బ్యాటరీల గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించారు. ఛార్జింగ్ పెట్టినప్పుడు లేచే హైడ్రోజన్‌ను కొలిచే మీటరు కూడా వచ్చింది. ఈ ఏడాది చేరినవాళ్లకు మొదటి రోజే పాత పాఠం చెప్పాను: మీటరు చూడకుండా పుస్తకంలో అంకె రాయకూడదు. జలాంతర్గామి బ్యాటరీ గదుల్లో ఇరవై రెండేళ్లు నేను నిలబడింది ఆ ఒక్క నియమం మీదే. ఈ మాటను గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మూడోది నీ ప్రశ్న కాదు, నువ్వు నాకు అప్పగించిన పని. “నాయనా, నా పని గురించి వందనకు మీరే విడమరిచి చెప్పండి, భయపడకుండా” అని రాశావు. ఆమె కాన్పుకని ఆళ్లగడ్డలో పుట్టింటికి చేరినప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి వెళ్లాను. స్కూలు టీచరు కదా, నోటుపుస్తకం, పెన్సిలు ముందే సిద్ధంగా పెట్టేది.

మొదటి రోజు నేను జలాంతర్గామి బొమ్మ గీస్తుంటే వాళ్లమ్మ దేవమ్మ అల్లం టీ ఇచ్చి, తొంగిచూసి అంది: “ఏందన్నా, మునిగిపోయేదాన్ని పనిగట్టుకోని చేస్తారా ఎవురన్నా?”

“మునిగేది సులువే దేవమ్మా. తేలేదానికే మా చదువంతా,” అన్నాను.

వందన నవ్వలేదు. “మామా, లోపల గాలి యాడ్నుంచి వస్తాది?” అని అడిగింది.

ఆ ప్రశ్నతోనే రకాలన్నీ చెప్పవచ్చు. డీజిల్ జలాంతర్గామి, మా మాటల్లో డీజిల్ పడవ, మన ఇంటి ఇన్వర్టరు వంటిది అన్నాను. నీళ్లలో ఇంజను నడవదు, దానికి గాలి కావాలి. కాబట్టి లోపల బ్యాటరీ మీద పోతుంది. ఒకటి రెండు రోజులకు నీటిమట్టం దాకా వచ్చి, ఒక గొట్టం పైకెత్తి, ఇంజను వేసి ఛార్జింగ్ చేసుకుంటుంది. దాంట్లోనే మరో తరగతి ఉంది. ఆక్సిజన్‌ను వెంట తీసుకుపోతుంది కనుక, నెమ్మదిగా కదిలితే రెండు వారాలైనా గొట్టం ఎత్తనక్కర లేదు. అణుశక్తి పడవకు గాలి బెంగే లేదు. తాగే నీళ్లూ, పీల్చే ఆక్సిజనూ సముద్రపు నీటి నుంచే చేసుకుంటుంది. దానికి హద్దు తిండి ఒక్కటే. ఆ అణుశక్తి పడవల్లోనూ ఒక తరగతిది వేట. ఇంకో తరగతి పెద్ద క్షిపణులు మోస్తుంది. ఎవరికీ దొరకకుండా ఉండటమే దాని ఉద్యోగం. ఒడ్డు నుంచి పంపిన మాట వింటుంది కానీ బదులు పలకదు. పలికితే యాడుందో తెలిసిపోతుంది.

వందన అంతా రాసుకుంది. పెన్సిలు పక్కన పెట్టి, “ఆయన ఏ రకం దాంట్లో ఉండాడు మామా?” అంది.

“మొదటిదే. నేను పనిచేసిన రకమే,” అన్నాను. “ఎన్ని దినాలకు వస్తాది?” అంది. “నలభై ఐదు దాటదు,” అన్నాను.

ఆమె చర్చి క్యాలెండరులో ఆగస్టు ఇరవై రెండు నుంచి లెక్కపెట్టి, అక్టోబరు ఆరు చుట్టూ సున్నా చుట్టింది.

ఆరో తేదీ వచ్చింది, పోయింది. నీ ఫోను రాలేదు. “సముద్రంలో రెండు దినాలు అటూ ఇటూ అయితాదిలేమ్మా,” అని నేను ఫోనులో అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. పన్నెండో తేదీ ఆదివారం వెళ్లేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఉబ్బింది, కళ్లు మసకగా ఉన్నాయంది. “మూడు దినాల నుంచి అన్నం ముడతా లేదన్నా. ఏమన్నా అంటే ఏం లేదంటాది,” అంది దేవమ్మ. అక్కడి డాక్టరు బి.పి. చూసి నూట డెబ్బై అని, వెంటనే నంద్యాలకు తీసుకుపొమ్మన్నాడు. దారి పొడవునా వందన నా చెయ్యి పట్టుకునే ఉంది.

జీవన్, ఇప్పుడు దాచింది చెబుతాను.

జులైలో నువ్వు సెలవుకు వచ్చి సంచి దించినప్పుడు మీ అమ్మ బట్టలు తీసి, “ఈసారి వాసన లేదే!” అని సంతోషపడింది. ఆరేళ్లు నీ బట్టల్ని విడిగా ఉతికిన మనిషి ఆమె. అంతకుముందు నావీ అంతే. డీజిల్ పడవలో తిరిగిన చొక్కాకు ఎన్ని సబ్బులు వాడినా ఆ వాసన వదలదని మన ఇంట్లో అందరికీ తెలుసు. నేను ఒక చొక్కా తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. నీ పడవ మారిందని ఆ క్షణానే నాకు తెలిసింది. నువ్వు చెప్పలేదు, చెప్పకూడదు. నేను అడగలేదు. దేనిలోకి మారావో ఇక్కడా రాయను.

తెలిసి కూడా ఆమెకు నలభై ఐదు అన్నాను. నిజమైన జవాబు “నాకు తెలీదమ్మా” అన్నది. ఆ మాట అనడానికి భయపడ్డాను. ఆ రకం పడవలో నేను ఒక్క రోజైనా లేను. దాని రోజులు నాకు తెలియవు. కాబట్టి నాకు తెలిసిన పడవ అంకెను తెచ్చి, తెలియని పడవకు వేశాను. మీటరు చూడకుండా రాశాను.

గురువారం ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఈ మాటలన్నీ ఆమెతో చెప్పాను.

“ఎక్కువ దినాలైతే ఓర్చుకోని ఉంటాంటి మామా,” అంది. “తొంభై అన్నా ఉంటాంటి. తెలీదన్నా ఉంటాంటి. మీరు డీజిల్‌ది అంటిరి. గాలికి పైకి రావాల్సిందే అంటిరి. దినం దాటేకొద్దీ లోపల గాలి అయిపోయిందనుకున్నా. ఆయన లేడనుకున్నా.”

క్షమించమని అడిగాను. ఆమె దిండు కింద నుంచి నోటుపుస్తకం తీసి నాకు ఇచ్చింది. నేను పడవల బొమ్మలు గీసింది అదే. వెనకపక్క కాగితం తిప్పి, అంకెలు వేసేదానికి గడులు గీసి ఉంచింది.

“నన్ను ఇంకా బిడ్డకాడికి పోనీరు. మీరు పోయి చూసి రాసుకోని రాండి. బాగుంది, బాగలేదు అని నాకు చెప్పొద్దు. అంకె చెప్పండి, చాలు.”

అప్పటినుంచి రోజుకు నాలుగుసార్లు చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఆ పెట్టె దగ్గరికి పోయి నిలబడుతున్నాను. అంకెలు మంచివి కానప్పుడూ ఉన్నవి ఉన్నట్టే తెచ్చి ఇస్తున్నాను. శుక్రవారం సాయంత్రం బిడ్డ రక్తంలో ఆక్సిజన్ ఎనభై ఆరుకు పడింది. ఆ అంకే రాసి పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. ఆమె చదివి, తేదీ సరిగా వేశానా అని చూసి, “మళ్లీ ఆరు గంటలకు పోండి మామా,” అంది.

నువ్వు ఎప్పుడు వస్తావని ఇప్పుడు ఎవరైనా అడిగితే వందనే ముందుగా చెబుతోంది: “తెలీదు. చెప్పేదానికి ల్యాదు.” ఆ మాట ఆమె నోట స్థిరంగా వస్తోంది.

‘క్షేమం’ అని ఇక్కడ కూడా రాయను. నేను స్వయంగా చూసింది రాస్తున్నాను. అక్టోబరు 19, ఉదయం పదకొండు గంటలు. బరువు: ఒక కిలో ఎనిమిది వందల నలభై గ్రాములు. ఆక్సిజన్: తొంభై మూడు. గుండె: నిమిషానికి నూట నలభై ఎనిమిది. పేరు: తండ్రి వచ్చాక.

ఇట్లు,
మీ నాయన,
శాంతయ్య.