పళ్ళెంలో నీ వైపు

సెయింట్ లూయీ,
శుక్రవారం, నమాజు తర్వాత.

చిరంజీవి తమ్ముడు బిరామ్‌ని అక్క పెండా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, అబ్బాయి మోదూ, కోడలు ఖాడీ, పిల్లలూ దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. నువ్వు క్షేమంగా లేవని తెలిసి ఆ ముక్క ఎలా రాయను? అందుకే ఈసారి వదిలేస్తున్నాను.

మీ ఊరు తంబకుండా నుంచి వచ్చే బస్సు డ్రైవరు నీ ఉత్తరం తెచ్చి చేతికిచ్చాడు. బట్టలు కుట్టేవాడివి, నీకు ఉత్తరం రాసే తీరిక ఎక్కడిదా అని ఆశ్చర్యపోతూ విప్పాను. ఫోన్లో మాట్లాడితే నీ భార్య సలిమాతా వింటుందని ఉత్తరం రాశానన్నావు. సరే, నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్లో అయితే నచ్చని మాట రాగానే "అక్కా, లైను సరిగ్గా లేదు" అంటావు. కాగితం మీద ఆ సాకు చెల్లదు.

నీకూ షుగర్ వచ్చిందని చదివి ముందు ఏడ్చాను. తర్వాత, ఆ సంగతి కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదని చదివి కోపం వచ్చింది. నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. తిట్లు తర్వాత.

మాత్రలు వేసుకుంటే ఒళ్ళు వాటికి అలవాటు పడిపోతుందేమో అన్నావు. ఒళ్ళు అన్నానికి అలవాటు పడలేదా, అన్నం మానేశావా? ఒంట్లో తేలిగ్గా అనిపించి మాత్రలు ఆపేశానని ఎంత ధైర్యంగా రాశావురా. తేలిగ్గా అనిపించింది ఆ మాత్రల వల్లే. రేపే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళు. మానేసిన సంగతి దాచకుండా చెప్పు. వాళ్ళు తిడతారు. తిట్టించుకో. వాళ్ళు చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టు.

సజ్జలైతే ఎంత తిన్నా ఫరవాలేదని మీ కొట్టు పక్క ముసలాయన చెప్పాడన్నావు. నేనూ మొదట్లో అలాగే నమ్మాను. నూకల అన్నం తగ్గించానన్న గొప్పతో రాత్రిళ్ళు సజ్జ సంకటి కుండెడు తిన్నాను. మా నర్సు వేలికి సూది గుచ్చి చూసి, "పెండా అత్తా, సజ్జలు కూడా గింజలే కదా, లోపలికెళ్ళాక అవీ చక్కెరే అవుతాయి" అని నెత్తి కొట్టుకుంది. ఏ గింజైనా కొలతలోనే తినాలి. పప్పులు, చేప, ఆకుకూరలు ఎక్కువ చేసుకోవాలి. రహస్యమంటూ ఏమన్నా ఉంటే ఇదే.

టీ మానక్కర్లేదు. మనం మూడు విడతలు కాస్తాం కదా. మొదటిది చేదుగా ఉన్నప్పుడు ఒక చిన్న గ్లాసు తాగి లేచిపో. మూడో విడతకి అది టీ కాదు, పాకం. మోదూ స్నేహితులు నన్ను ఆట పట్టిస్తుంటారు, చేదు గ్లాసు మామ్మ వచ్చిందని. అననీ. వాళ్ళతో కూర్చునే చోటు పోగొట్టుకోలేదు, అదే చాలు.

కాళ్ళ గురించి మాత్రం జాగ్రత్త. షుగర్ ఉన్న కాలికి దెబ్బ తగిలినా తెలియదు. నమాజుకి ముందు ఎలాగూ కాళ్ళు కడుక్కుంటావు. ఊరికే నీళ్ళు పోసేసుకోకుండా, వంగి వేళ్ళ సందులు చూసుకో, పొడిగా తుడుచుకో. దేవుడు రోజుకి అయిదుసార్లు మన కాళ్ళు మనకి చూపిస్తుంటే, చూసుకోనివాళ్ళం మనమే. కుట్టుమిషను ముందు పొద్దస్తమానం కూర్చోక, మధ్యాహ్నం ఎండ తగ్గాక బజారు చివరి దాకా నడిచి రా. దారిలో పలకరించేవాళ్ళు ఎవరూ లేకపోతే నన్ను తిట్టుకుంటూ నడువు. ఇక ఉపవాస మాసం సంగతి. ఉంటానని పట్టు పట్టకు. ముందు డాక్టరుని అడుగు. జబ్బు మనిషికి దేవుడే సడలింపు ఇచ్చాడు, నువ్వెవరివి కాదనడానికి?

జవాబులు అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. కడుపులో మంట అని సలిమాతాకి అబద్ధం చెప్పి, మధ్యాహ్నం ఇంటికి వెళ్ళకుండా కొట్లోనే వేరే గిన్నెలో తింటున్నానని రాశావు. ఇంట్లో అందరూ కలిసి తినే పెద్ద పళ్ళెం ముందు కూర్చుంటే చెయ్యి ఆగదనీ, పైగా అందరూ "తిను తిను" అని అన్నం నీ వైపు తోస్తారనీ. సలిమాతా మూతి ముడుచుకుని తిరుగుతోందని వింతగా రాశావు. వింతేముందిరా? ఇంటి పళ్ళెం దగ్గర తినని మగాడికి ఇంకెక్కడో ఇంకో పళ్ళెం ఉందని ఏ ఆడదైనా అనుకోదా? రెండో పెళ్ళాం ఇల్లు ఎక్కడా అని అది ఈపాటికి తంబకుండా అంతా వెతుకుతూ ఉంటుంది.

నాకు షుగర్ అని తెలిసిన కొత్తలో ఖాడీ కూడా ప్రేమకొద్దీ ఒక చిన్న ప్లేటు తెచ్చి నా ముందు విడిగా పెట్టింది. నూకలు కొలిచి, చేపముక్క పక్కన పెట్టి, చక్కగా సర్దింది పాపం. అవతల చాప మీద పెద్ద పళ్ళెం చుట్టూ అందరూ, ఇవతల గోడవారగా నేను. నా మనసు చివుక్కుమంది.

"ఏమిటే ఇది?" అన్నాను.

"డాక్టరమ్మ అన్నం తగ్గించమంది కదత్తా."

"అన్నం తగ్గించమంది. నన్ను తగ్గించమనలేదు."

ఖాడీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను వెళ్ళి పళ్ళెం దగ్గర నా చోట్లో కూర్చున్నాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెద్ద పళ్ళెంలో నా వైపు నూకలు పల్చగా పరుస్తుంది. మధ్యలో ఉన్న చేప, క్యాబేజీ, చేదు వంకాయ ముక్కలు చేసి అందరికీ పంచేది ఇంటి ఇల్లాలే కదా, నా వైపుకి కూరముక్కలు ఎక్కువ తోస్తుంది. ఎవరి ముందున్నది వాళ్ళే తినాలి, పక్కవాడి వైపు చెయ్యి పోకూడదు అని చిన్నప్పుడు మనకి నేర్పిన మర్యాదే నాకు కొలత అయింది. నా ముందున్నది అయిపోగానే దేవుడికి దణ్ణం పెట్టి లేస్తాను. నాన్న కూడా అలాగే ముందు లేచేవాడు, పిల్లలకి మిగలాలని. గుర్తుందా?

నాకు ఈ మధ్య అన్నీ గుర్తొస్తున్నాయి. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి మరీను. బెస్తవాళ్ళ వాడలో మన ఇల్లు, ఇసక వాకిలి, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి. అమ్మ బారసాలలకీ పెళ్ళిళ్ళకీ వంటలు చేసి ఇంటికొస్తే, ఆవిడ పైటకి వేయించిన చేప వాసన, ఉల్లిపాయ వాసన అంటుకుని ఉండేవి. నువ్వు ఆ పైట పట్టుకుని తిరిగేవాడివి. మధ్యాహ్నం చాప పరిచి పళ్ళెం పెట్టేవాళ్ళం. చెప్పులు విప్పేసి అందరం చుట్టూ కూర్చునేవాళ్ళం. పళ్ళెం కదలకుండా ఎడమచేత్తో అంచు పట్టుకోవడం చిన్నవాళ్ళ పని కాబట్టి అది నీ పని. నువ్వు నీ బుల్లి చెయ్యి బిగించి పట్టుకుని, రాజుగారి పడవ తెడ్డు నీ చేతిలోనే ఉన్నట్టు కూర్చునేవాడివి. అడుగంటిన నూకల మాడు కోసం నువ్వూ నేనూ కొట్టుకునేవాళ్ళం. అమ్మ మనిద్దరికీ చెరో చెక్క ఇచ్చి, తనకి మిగల్లేదని కూడా చూసుకునేది కాదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరుతాయి, కంట్లోనూ వస్తాయి.

నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడూ అనని మాట. "అక్కా, చిన్నప్పుడు నేను పళ్ళెంలో అడ్డంగా చెయ్యి చాపి నాన్న ముందున్న చేప తల లాక్కున్నాను. అమ్మ నా చేతి మీద కొట్టింది. మర్నాటి నుంచి అమ్మ మనతో కూర్చుని తినడం మానేసింది. నాతో కలిసి తినడం ఇష్టంలేకే కదా. పళ్ళెంలో నా వైపు చేపముక్క తోసింది నువ్వొక్కదానివే. ఇప్పుడు నేను విడిగా తింటుంటే, అనుభవించాల్సిందేలే అనిపిస్తోంది."

అది చదివి కాగితం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఖాడీ వచ్చి ఎవరైనా పోయారా అత్తా అని అడిగింది. ఇంతకాలం నువ్వు ఇలా అనుకుంటున్నావా నా తండ్రీ? ఒక్కసారి నోరు విప్పి అడిగి ఉంటే, ఒట్టు తీసి గట్టు మీద పెట్టి అప్పుడే చెప్పేదాన్ని కదరా.

అవును, ఒట్టే. అమ్మ నాచేత వేయించుకుంది. నువ్వు లాక్కున్న చేప తలకీ, అమ్మ మనతో కూర్చోకపోవడానికీ సంబంధం లేదు. ఆ రోజే సాయంత్రం అమ్మ నన్ను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. విపరీతమైన దాహం, నీరసం, మనిషి చిక్కిపోతోంది. ఒంట్లో చక్కెర ఉందని అక్కడ చెప్పారు. తిరిగి వస్తూ వంతెన మీద ఆగి నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది. "ఎవరికీ చెప్పకే. జబ్బు మనిషి చేతి వంట ఎవరు తింటారు? మనకి ఈ వంటే కదే ఆధారం. చిన్నాడికి అసలు చెప్పకు, బెంగ పెట్టుకుంటాడు" అంది.

మర్నాటి నుంచి వంటింట్లో ఒక్కతే కూర్చుని, ఉడికించిన చేప, చేదు వంకాయ సొట్టగిన్నెలో పెట్టుకుని తినేది. ఆకలి కాలేదనో, అక్కడే రుచి చూస్తూ తినేశాననో నాన్నకి చెప్పేది. ఇరుగుపొరుగు వాళ్ళు అమ్మకీ నాన్నకీ పడటం లేదనుకున్నారు.

కానీ వంటింటి తెర పక్కకి తొలగించి అమ్మ ఎటు చూసేదో తెలుసా? నీ వైపే. పళ్ళెంలో నీ ముందు ఏముందో చూసి, నాకు గడ్డంతో సైగ చేసేది, వాడికి తొయ్యవే అని. నేను నీ వైపు తోసిన ప్రతి ముక్కా అమ్మ చెప్పి తోయించిందే. నాకంత మంచితనం ఎక్కడిది? నాకు మాత్రం చేప మీద ఆశ లేదా ఏమిటి? నువ్వు అక్క ప్రేమ అనుకుని తిన్నదంతా అమ్మ ప్రేమ.

ఇంకో మాట కూడా చెప్పనీ. అమ్మ తిండి విషయంలో తప్పు చేయలేదు. నోరు కట్టుకుంది. కాని తనకి జబ్బు ఉందని ఎవరికీ తెలియనివ్వలేదు కాబట్టి మందు వేసుకున్నావా అని అడిగినవాళ్ళు లేరు, కాలు చూపించు అన్నవాళ్ళు లేరు. రేవులో చేపముల్లు గుచ్చుకుని పుండు పడితే గుడ్డ చుట్టుకుని తిరిగింది. చిన్నదాన్ని, నాకు మాత్రం ఏం తెలుసు? నాన్నకి తెలిసేసరికి కాలు నల్లబడింది. అమ్మ చక్కెర వల్ల పోయిందని అందరితో నేనూ అంటాను. ఒక్కతే మోసుకుని తిరగడం వల్ల పోయిందని నా మనసుకి తెలుసు.

అలాంటిది, నీ ఉత్తరంలో మొదటి వాక్యమే "ఎవరికీ చెప్పకు అక్కా" అని. ఆ మాట నేను ఒకసారి విన్నాను బిరామ్. ఒకసారి ఒట్టు పెట్టాను, నిలబెట్టుకున్నాను, దాని ఫలితమూ చూశాను. రెండోసారి నావల్ల కాదు. పండగ వెళ్ళాక తంబకుండా వస్తున్నాను. ఈలోగా నువ్వే సలిమాతాకి చెబితే సరేసరి. లేదంటే బస్సు దిగిన వెంటనే, మంచినీళ్ళు కూడా తాగకుండా నేనే చెబుతాను. ఎండు చేప, చేదు వంకాయలు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. అవి సలిమాతా చేతికే ఇవ్వు. ఎందుకు పంపిందని అడుగుతుంది. మాట మొదలుపెట్టడానికి అది చాలు. నీ వైపు నూకలు ఎలా పరవాలో నేను వచ్చి దానికి చూపిస్తాను.

ఇంకొక్క సంగతి. నీ ఉత్తరంలో దాన్ని గురించి ఒక్క ముక్కే రాశావు, నువ్వు పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. అమ్మ పేరు పెట్టుకున్న నీ కూతురు చిన్న మరేమ్ ఈ మధ్య నీ దగ్గరికి రావడం లేదనీ, అన్నం దగ్గర గొడవ చేసేది కాస్తా నోరు మెదపకుండా కూర్చుంటోందని సలిమాతా చెప్పిందనీ. పళ్ళెం అంచు పట్టుకునే వయసే కదా దానిది? నువ్వు పళ్ళెం దగ్గరికి రావడం మానేసిన ముందురోజు అది ఏం ఒలకబోసిందో, ఎక్కడ చెయ్యి పెట్టిందో, నువ్వు దాన్ని ఏమన్నావో నీకు గుర్తుండదు. దానికి గుర్తుంటుంది.

రేపు మధ్యాహ్నం కొట్టు మూసేసి ఇంటికి వెళ్ళు. చెప్పులు విప్పి నీ చోట్లో కూర్చో. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పుడూ పిలిచినట్టే పిలిచి చెప్పు: "నీ వల్ల కాదమ్మా, నాకు షుగర్ వచ్చింది" అని. ఆ ఒక్క ముక్క నీకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఇట్లు,
మన పళ్ళెం దగ్గర ఎప్పుడూ నీ ఎడమ పక్కనే కూర్చున్న
నీ అక్క,
పెండా