వెళ్లేవాడి మాట

1940, కార్తీకం, శుక్రవారం రాత్రి.

పంజాగుట్ట బంగళాలో పరదాలు కుట్టే పని ఇవాళ్టితో అయిపోయింది. వేళ్లు వంగడం లేదు. అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

అదే బంగళాలో అల్మారాలు చేస్తున్న, చైనాలోని కాంటన్ నుంచి వచ్చిన వడ్రంగి వోంగ్ భాయ్ నాకు వాళ్ల పెద్దమనుషుల మాట ఒకటి నేర్పాడు. 'సాట్ పూయ్.' నలుగురిలోంచి లేచి వెళ్లేటప్పుడు, మీకు తోడుగా కూర్చోలేకపోతున్నాను, మన్నించండి అని అర్థమట. పలకడం రావడానికే వారం పట్టింది. మొన్న సాయంత్రం ఆయన పని దిగి బయలుదేరుతుంటే గొప్పగా నేనే అనేశాను. సంచి కింద పెట్టి మరీ నవ్వాడు.

"పోయేటోడు అనాలె భాయ్! నువ్వు కూసున్నవ్ గద!"

"మా 'పోయొస్త' లెక్కనా?"

సంచి మళ్లీ భుజానికెత్తుకున్నాడు. "కాదు. మా మాటల వచ్చుడు లేదు."

ఇవాళ ఉలులు, రంపం గోనెసంచిలో కట్టుకుని నా కుట్టుమిషను దగ్గరికి వచ్చాడు. కలకత్తా పోతాడట. ఓడ దొరికితే అక్కడి నుంచి సొంత ఊరికి. ఈ యుద్ధంలో ఓడలెక్కడివి? రెండు చేతులూ ఛాతీ దగ్గర కలిపి, వంగి, "సాట్ పూయ్" అన్నాడు.

నా నోట్లో దారం ఉంది. తల మాత్రం ఊపాను.

అమీర్‌పేట దాకా నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన. వెళ్లేవాడి మాట అంత కష్టపడి నేర్చుకున్నాను. ఉండిపోయేవాడు ఏమనాలో ఒక్కసారైనా అడగలేదు.