యానాం అబ్బాయి, చోడవరం తాత

చోడవరం, ఫిబ్రవరి 3

గౌరీశంకర్ గారికి తవిటయ్య నమస్కారం.

మీ అబ్బాయి సంతోష్‌కుమార్ మా మనవరాలు ఇందుని సూసెళ్లేక అందరం మెచ్చుకున్నాం. కానీ మీ కారు నంబరు పివై అని ఎదురింటి అచ్చియ్యమ్మ సూసింది. అంటే మీ యానాం పుదుచ్చేరి అంట గదా! ఆ మాట ముందే సెప్పొద్దా? పిల్లకి జొరమొస్తే నేను అరవదేశం పరిగెత్తాలా? ఈ సంబంధం వొద్దు. ఫోన్లో మాట గాలికి పోతాది, కాయితం మీద జవాబు రాయండి.

బెంగతో,
తవిటయ్య

తా.క. వొద్దన్నప్పట్నించి ఇందు నాతో మాటాడ్డం లేదు. నా కూరలో ఉప్పు కూడా మానేసింది.

యానాం, ఫిబ్రవరి 9

తవిటయ్య బాబాయిగారికి,

కంగారు పడకండి. మా ఊరు కాకినాడ అవతల, గోదారి ఒడ్డునే ఉందండి. చుట్టూ ఆంధ్రానే. మాటా మనదే, కూరా మనదే. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలారు, అందుకని ప్రభుత్వం మాత్రం పుదుచ్చేరిలో ఉంటుంది. మాకున్న ఒక్క ఎమ్మెల్యే ఎనిమిది వందల కిలోమీటర్లు వెళ్లి అసెంబ్లీలో మాట్లాడి రావాలి. మీరే వచ్చి చూసుకోండి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి మా ఇంట్లో ఉంటారు.

మీ విస్తరి వేసి ఉంచే,
గౌరీశంకర్

తా.క. అబ్బాయి ఆఫీసు పని మీద వెళ్లాడు. సర్కారు ఉద్యోగం కదండీ, ఎక్కడికని అడక్కండి.

చోడవరం, ఫిబ్రవరి 14

గౌరీశంకర్ గారూ,

సుట్టూ ఆంధ్రా అయితే మజ్జిలోకి పుదుచ్చేరి ఎలాగొచ్చింది? ఎవులైనా మోసుకొచ్చి దించేరా? రావికమతంలో నా చెరుకు మడికి సుట్టూ పరాయి పొలాలే. అంతమాత్రాన అది వేరే రాష్ట్రమైపోనేదు! నేనే వస్తన్నాను. ఇందు ఫోన్లో టికెట్ తీసింది. రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ అంట! మధ్యాన్నం భోజనమన్నారు గానీ ఏ రోజు మధ్యాన్నమో సెప్పేరు కారు.

మీ గుట్టు తేల్చే,
తవిటయ్య

తా.క. మాటలు అంతంతమాత్రమే అయినా ఇందు దగ్గరుండి రైలెక్కిస్తానంది. చిరునామా కూడా రాసిచ్చింది. బంగారం లాంటి గుంట.

పుదుచ్చేరి, ఫిబ్రవరి 19

బాబూ గౌరీశంకరూ,

దిగేను. సముద్రముంది, గోదారి లేదు. ఇందు రాసిచ్చిన చిరునామా సూపిస్తే ఆటోవాడు ఏదో ఆఫీసు ముందు దింపేడు. లోపల ఎవులున్నారనుకున్నావు? మీ సంతోషే! "తాతగారూ!" అని లేచి నిలబడిపోయేడు. పెళ్లిచూపులైన వారానికే బదిలీ అంట, రెండేళ్లు ఇక్కడేనంట. నా దగ్గరెందుకు దాచేరు? మీకు బుద్ధుందా?

బాగా కోపమొచ్చింది. కానీ ఆ గుంటడు కాఫీ ఇప్పించి, గోడ మీద మేప్ సూపించి, "మా ఊరు అక్కడ, నేనిక్కడ తాతగారూ" అన్నాడు. నా కోపం దిగిపోయింది. ముప్పయ్యేళ్లుగా పరాయి గట్ల మీంచి నడిచే నా మడికి ఎల్తన్నాను. దూరమని దాన్ని ఎప్పుడైనా వొదులుకున్నానా? డెబ్బై రెండేళ్లోణ్ని, ఒక్కణ్నీ ఇంత దూరం వొచ్చేసేను. పిల్లకి జొరమొస్తే మళ్లీ వస్తాను. ముహూర్తం పెట్టించండి.

మీ వియ్యాలవారి పెద్ద,
తవిటయ్య

తా.క. బదిలీ సంగతి ఇందుకి ముందే తెలుసంట. అది నాకు టికెట్ తీసింది యానాంకి కాదు, పెళ్లికొడుకు దగ్గరికి! నేను ఇంటికొచ్చేలోపు కూరలో ఉప్పెయ్యమని దానికి మీరే ఫోన్ చెయ్యండి. కాయితమైతే ఆలస్యమైపోతాది.