తొమ్మిదో ప్రశ్న

ఆగస్టు 5, సోమవారం

నా భార్య గురమ్మ పోయి యాభై రోజులు. కర్నూలు నుంచి మధులత ఫోన్ చేసింది. ముసలివాళ్ళ మతిమరుపు జబ్బు మీద రీసెర్చ్ చేసే అమ్మాయి. రెండేళ్ళు వరుసగా గురమ్మకు టెస్టు పెట్టింది ఆమే. ఫైల్ క్లోజ్ చేయాలి సార్, ఇంటికొస్తాను అంది. రమ్మన్నాను.

ఆగస్టు 8, ఉదయం 11

వచ్చింది. నిద్ర, తిండి, బాత్‌రూమ్ అన్నీ అడిగింది. చెప్పాను. మార్కులు చూపించింది. మొదటి ఏడాది పందొమ్మిది, రెండో ఏడాదీ పందొమ్మిదే. ఏడాదిపాటు జబ్బు నిలిచిపోయినట్టే గదా సార్, నా రీసెర్చ్ పేపర్లో ఇది మంచి పాయింట్ అంది. తొమ్మిదో ప్రశ్నలో మెరుగు కూడా ఉందట.

మీ భర్త పేరేమి? అదీ ప్రశ్న. మొదటిసారి సున్న, రెండోసారి ఒకటి.

టీ ఇచ్చి పంపాను.

ఆగస్టు 9

మొదటిసారి అడిగినప్పుడు గురమ్మ, ఆయప్ప ఈడనే కుచ్చోనుండాడు గదమ్మా, ఆయప్పనే అడుగుపో అంది. నలభై రెండేళ్ళ కాపురంలో నా పేరు ఆమె నోట రాలేదు. రేషన్ కార్డు ఆఫీసులో కూడా పక్కింటి గాబ్రియేలు చేత చెప్పించింది. ఇంటివాళ్ళు జవాబు అందించకూడదని టెస్టు రూలు. డిగ్రీ చదివినవాణ్ణి. రూలు పాటించాను.

రెండో ఏడాది అడగ్గానే ఓబుళేశు అంది. హాజరు పిలిచినట్టు. మధులత సంబరపడింది. నేనూ తల ఊపాను. కర్నూలు నుంచి తిరుగు బస్సులో గురమ్మ నా వైపు తిరిగి, ఏమప్పా, యాడికి పోతాండావు అని అడిగింది. నందికొట్కూరు అన్నాను. మాదీ ఆ ఊరేనప్పా అంది.

అది మెరుగు కాదు.

ఆగస్టు 10

మధులతకు ఫోన్ చేసి చెప్పాను. మా అవ్వా అంతే సార్, తాత పేరు ఎంత అడిగినా చెప్పదు, నాకెందుకు తట్టలేదో అంది. మార్చే అధికారం తనకు లేదట. గైడ్‌ని అడగాలి. తమవాళ్ళకు మార్కులు తగ్గించమని అడిగినోళ్ళు మీరొక్కరే సార్ అంది. అడగమన్నాను.

ఆగస్టు 14

ఫోన్ లేదు.

ఆగస్టు 21

గైడ్ ఒప్పుకున్నాడు. అరవై దాటిన ఆడవాళ్ళందరి కాగితాల్లో ఆ ప్రశ్న లెక్కలోంచి తీసేశారు. గురమ్మకు ఇప్పుడు మొదటి ఏడాది పందొమ్మిది, రెండో ఏడాది పద్దెనిమిది. తగ్గింది.

ఆగస్టు 26

కర్నూలు పోయి మార్చిన కాగితాల మీద సంతకం పెట్టాను. మొదటి ఏడాది పేజీ జిరాక్స్ అడిగి తెచ్చుకున్నాను. సున్న పక్కన మధులత చిన్న అక్షరాలతో రాసుకుంది: భర్తను చూసి నవ్వింది.