తమ్ముణ్ణి పిలిచిన రోజు

అక్కకి తమ్ముడు మావ్ మోకరిల్లి రాసేది. ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారనీ, పట్టుపురుగులు ఈసారి గూళ్లు బాగా కట్టాయనీ తలుస్తాను.

లీషాన్ కొండకి చలి వచ్చేసింది. పొద్దున్నే మట్టి తొక్కాలంటే కాళ్లు కొంకర్లు పోతున్నాయి. తిండి సంగతి అడిగావు. కొర్రల జావ, ఉప్పులో ఊరిన ముల్లంగి, పండగొస్తే ఇంత పందిమాంసం. కడుపు నిండుతుంది గానీ నీ చేతి రుచి ఎక్కడ!

చక్రవర్తితో పాటు ఈ సమాధిలో మనుషుల్ని కూడా పాతేస్తారటగా అన్నావు. అది పాత రాజుల నాటి మాట. ఇప్పుడు మనుషులకి బదులుగానేగా మా చేత మట్టి సైన్యం చేయిస్తున్నది. కాళ్లు గట్టి ముద్దతో, ఒళ్లు డొల్లగా, తల విడిగా చేసి అతికిస్తాం. నాన్న పెద్ద కుండలకి మట్టితాళ్లు చుట్టినట్టే చుట్టుకుంటూ పోవడమే. మొన్న నేను చేసినవాణ్ణి చూసి, నా పక్కన పనిచేసే గూ తాత, "వీడు యుద్ధానికొచ్చాడా, పెళ్లి భోజనానికొచ్చాడా? పొట్ట తగ్గించరా" అన్నాడు. నాన్న ఉంటే అదే మాట ఇంకాస్త గట్టిగా అనేవాడు.

నాన్న బట్టీ పొగ వాసన గుర్తుందా నీకు? అమ్మ పోయాక మన చిన్నోడు పెంగ్‌ని వీపున కట్టుకుని మట్టి తొక్కేదానివి. వాడు నీ జడ పట్టుకు లాగేవాడు. నువ్వు తిడుతూనే వాడికి పాట పాడేదానివి.

పెంగ్‌కి నేతగాళ్ల పిల్లని చూశాననీ, వాడి మనసు కనుక్కుని రాయమనీ అన్నావు. అక్కా, ఇంతసేపూ ఆ మాట దాటేస్తూ వచ్చాను. వాళ్లని వేరే సంబంధం చూసుకోమను. పెంగ్ లేడు. కోతల ముందు, ఈ మట్టి సైన్యాన్ని నిలబెట్టే గుంట తవ్వుతుంటే మట్టి గోడ విరిగి వాడి మీద పడింది. పైకి తీసేసరికే ఊపిరి లేదు. ఇన్నాళ్లూ నీకు రాయడానికి చెయ్యి రాలేదు.

వాడి అంగీ పట్టుకుని పాక కప్పెక్కాను. అమ్మ పోయినప్పుడు నాన్న చేసినట్టే ఉత్తరం వైపు తిరిగి, వెనక్కి రమ్మని వాడి ప్రాణాన్ని పేరు పెట్టి పిలిచాను. కింద నుంచి మేస్త్రీ, "దిగరా. కూలోళ్లకి కూడా ఇవన్నీనా? పని ఆగిపోతోంది" అన్నాడు.

గూ తాత వచ్చి నిచ్చెన మొదట్లో కూర్చున్నాడు. "పిలవడం అయ్యాక వాడే దిగుతాడు. అందాకా ఆగలేకపోతే నన్ను తొక్కుకుని ఎక్కండి" అన్నాడు. మేస్త్రీ వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మట్టి చేతులతోనే అందరూ పని ఆపి నిలబడ్డారు. గొంతు పోయేదాకా పిలిచాను. దిగి వచ్చి అంగీ వాడి మీద కప్పాను. వాడు లేవలేదు.

ఇక్కడ పోయినవాళ్లందరినీ కొండ వారన ఒకే గుంటలో పెడతారు. పగిలిన పెంకు మీద వాడి పేరూ మన ఊరూ గీసి గుండెల మీద పెట్టాను. అంగీ మాత్రం తీసి దాచాను. ఈ ఉత్తరం తెచ్చే మనిషి అది నీకిస్తాడు. ఉతక్కు. నాన్న సమాధి పక్కన గొయ్యి తీసి అందులో పెట్టండి.

దానికి ముందు, ఓపిక చేసుకుని నువ్వూ ఒకసారి కప్పెక్కు. చిన్నప్పుడు వాడు బాతుల వెంట వాగులోకి పోతే, నేనెంత అరిచినా పలికేవాడు కాదు. నువ్వు వాకిట్లోకొచ్చి "పెంగూ, అన్నానికి రా" అంటే చాలు, తడి కాళ్లతో పరుగెత్తుకొచ్చేవాడు. గట్టిగా అరవక్కర్లేదు అక్కా. మామూలుగా పిలువు.

ఇట్లు,
నీ పెద్దతమ్ముడు
మావ్